మడ అడవి నాడి పట్టడం ఎలా? గోదావరి డెల్టా ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సు చొల్లంగి దాటాక, దూరంగా కనిపించే మడ అడవి ఎప్పుడు చూసినా పచ్చగానే ఉంటుంది. అదే అడవిలోకి పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళ, పడవ మీద వెళ్లి, గట్టెక్కి, ఓ యాభై గజాలు లోపలికి నడిస్తే ఒక్కోచోట గుండె జారిపోతుంది. నిలబడ్డచోటే ఎండిపోయిన తెల్ల మడలు, వాటి మొదట్లో కదలని నీళ్లు, ఒక్క పీత బొరియ కూడా లేని నల్లటి బురద. ఆ మచ్చ పడి రెండు మూడేళ్లయినా అయి ఉంటుంది. అటు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, కానీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

ఈ మార్గదర్శి రాసిపెట్టేవాళ్ల కోసం. ఊరి కుర్రాళ్లు, హైస్కూలు మాస్టార్లు, వేటకు వెళ్లే మత్స్యకారులు, డ్వాక్రా మహిళలు, ఎవరైనా చేయగలిగిన పని ఇది. నెలకు ఒక పూట, ఏడాదికి రెండుసార్లు రెండేసి రోజులు కేటాయించగలిగితే చాలు. నేనూ మా జట్టూ కొన్నేళ్లుగా చేస్తున్న పద్ధతే చెబుతున్నాను. మేం చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండాలని వాటినీ చెబుతున్నాను.

ఉపగ్రహాలు చూస్తున్నాయి కదా అని అడుగుతారు. భారత అటవీ సర్వే సంస్థ రెండేళ్లకోసారి దేశంలోని అడవిని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగడుతుంది. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 405 చదరపు కిలోమీటర్ల మడ అడవి చూపించింది. ఆ లెక్క చాలా అవసరమే. కానీ అందులో ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల కంటే చిన్న ముక్క విడిగా లెక్కలోకి రాదు. ఇరవై సెంట్ల మేర చెట్లు చచ్చిపోతే ఆ నివేదికలో కనపడదు. అది ఎకరాలకు పాకక ముందే పట్టుకోవాలంటే బురదలో దిగి చూసే కళ్లు కావాలి.

పగడపు దిబ్బల దగ్గర నేర్చుకున్న పాఠం

సముద్రాన్ని కాపాడాలి అనగానే టీవీలో పగడపు దిబ్బలు చూపిస్తారు. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. గోదావరి మొగల దగ్గర, అంటే పాయలు సముద్రంలో కలిసే చోట, పగడపు దిబ్బ కట్టదు. దానికి తేట నీళ్లు, నిలకడగా ఉండే ఉప్పు, అడుగుదాకా దిగే ఎండ కావాలి. మన దగ్గర వరద రోజుల్లో ఎర్రనీరు సముద్రంలోకి అంత దూరం పోతుంది, ఒండ్రు అంత దిగుతుంది. పగడాన్ని ఉండనివ్వని ఆ ఒండ్రే మడను పెంచుతుంది. చేప పిల్లకు, రొయ్య పిల్లకు, పీతకు అక్కడ పగడపు దిబ్బ ఎలా పుట్టిల్లో, ఇక్కడ మడ అడవి అలా పుట్టిల్లు.

పగడాల మీద పనిచేసేవాళ్ల దగ్గర మనం తీసుకోవలసింది వాళ్ల పద్ధతి. ప్రతిసారీ అదే చోటికి వెళ్లి, అదే గీత మీద టేపు పరిచి, టేపు కింద ఏముందో రాసుకుంటారు. రంగు వెలిసిపోతోందా లేదా చూడటానికి ఒక రంగుల అట్ట పక్కన పెట్టి పోలుస్తారు. వరికి యూరియా ఎప్పుడు వేయాలో చూసుకునే ఆకు రంగు పట్టీ మన రైతులకు తెలిసిందే, అలాంటిదే అదీ. 1998లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడినప్పుడు ఎంత పోయింది, ఎంత తేరుకుంది అని చెప్పగలిగారంటే అంతకుముందు రాసి పెట్టుకున్న లెక్క ఉండబట్టే.

అదే చోటు, అదే కాలం, అదే తీరు. ఈ మూడూ తప్పితే ఎంత కష్టపడి కొలిచినా ఆ అంకెలు దేనికీ పనికిరావు.

ముందుగా: అనుమతి, మనుషులు

కోరంగి అభయారణ్యం 1978 నుంచి ఉంది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందులోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. చెట్టుకు రంగు పూయాలన్నా, గొట్టం పాతాలన్నా రాతపూర్వకంగా అడగాలి. రేంజ్ ఆఫీసుకు ఒక కాగితం రాసి, ఎవరెవరు వస్తారు, ఏయే చోట్ల, ఏం కొలుస్తారు, ఆ వివరాలు మళ్లీ వాళ్లకు ఇస్తారా లేదా అన్నది స్పష్టంగా చెప్పండి. యానాం వైపు చెట్లు పుదుచ్చేరి పరిధిలోకి వస్తాయి, అక్కడ వాళ్లనే అడగాలి. కోనసీమ జిల్లా వైపు, కాట్రేనికోన, ఐ.పోలవరం మండలాల్లో అభయారణ్యం బయట ఉన్న మడలకు కూడా ఆ నేల ఎవరిదో, అటవీ శాఖదా రెవెన్యూదా, ముందే కనుక్కోండి. ఈ పని వాయిదా వేస్తే తర్వాత అనవసరమైన టెన్షన్.

జట్టులో కనీసం ఒక్క వేటగాడైనా ఉండాలి. పోటు ఎప్పుడు ఎక్కుతుందో, ఏ పాయలో పడవ దిగబడుతుందో, ఏ మొగ ఏ ఏడు పూడిందో ఆయనకు తెలిసినట్టు మనకు తెలియదు. మా జట్టుకు పెద్దదిక్కు అరవై దాటిన ఒక మత్స్యకారుడు. "బాబూ, చెట్టును తర్వాత చూద్దురుగాని, ముందు నీరు ఎటు పోతుందో చూడండి" అని మొదటి రోజే అన్నారు. మా పనంతా ఆ మాట మీదే నిలబడింది.

చోటు ఎంచుకోవడం

అడవి అంతా కొలవలేం, కొలవక్కర్లేదు కూడా. ఏరు ఒడ్డు నుంచి లోపలి పర్ర, అంటే చెట్లు లేని ఉప్పు నేల, దాకా ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీద మూడు చోట్ల, ఒడ్డున ఒకటి, మధ్యలో ఒకటి, పర్ర అంచున ఒకటి, మొత్తం మూడు మడులు కట్టాలి. ఒక్కో మడి 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. ఒడ్డున నీరు రోజూ వచ్చి పోతుంది, పర్ర అంచుకు పెద్ద పోటుకే చేరుతుంది. అందుకే చెట్ల రకం, ఎత్తు, ఉప్పు, అన్నీ ఈ మూడు చోట్లా వేరుగా ఉంటాయి. ఒక్క ఒడ్డు చూసి అడవి బాగుంది అనుకోవడం, గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్లంతా బాగున్నారు అనడం లాంటిది.

మొదటి ఏడాదికి ఇలాంటి గీత ఒక్కటి చాలు. రెండో ఏడు ఇంకొకటి కలపండి. ఆ రెండోది కావాలనే వేరుగా ఉండేలా చూడండి. మొదటిది బాగున్న చోట వేస్తే, రెండోది చెరువు గట్టు పక్కనో, చెట్లు ఎండుతున్న చోటో వేయాలి. పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా అర్థమవుతుంది.

మడి ఎక్కడ కట్టాలో మనసుకు నచ్చినట్టు ఎంచుకోకండి. ఒడ్డు నుంచి ఇన్ని అడుగులు అని ముందే అనుకుని, అక్కడ ఏముంటే అదే తీసుకోండి. తెలియకుండానే మన కాళ్లు అందమైన చెట్లవైపో, నడవడానికి సులువైన చోటికో పోతాయి. లెక్క అక్కడే తప్పుతుంది.

నాలుగు మూలలా గూటాలు పాతాలి. మేం మొదటి ఏడు వెదురు గూటాలు పాతాం. వరద తగ్గాక వెళ్తే పన్నెండింటిలో రెండే మిగిలాయి. మొదటి మడి ఏదో, ఏ చెట్టు కొలిచామో తెలియక ఒక ఏడాది పని మొత్తం పోయింది. ఇప్పుడు రెండు మీటర్ల పీవీసీ గొట్టాలు వాడుతున్నాం. మీటరున్నర బురదలోకి, అర మీటరు పైకి. ప్రతి మూలా ఫోన్ జీపీఎస్‌లో పెట్టుకుని, ఆ అంకెలు పుస్తకంలో కూడా రాసుకోండి. ఫోన్ పోవచ్చు, పుస్తకం ఇంట్లో ఉంటుంది.

రోజు, వేళ

వేటకు వెళ్లేవాళ్లు తిథి చూసుకున్నట్టే మీరూ చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, పాటు కూడా బాగా దిగుతుంది. అష్టమి దగ్గర రెండూ చిన్నవే. మడుల్లో చెట్లు కొలవడానికి, పీత బొరియలు లెక్కపెట్టడానికి పెద్ద పాటు మంచిది. కాకినాడ రేవు పోటు వేళలు ఫోన్లో దొరుకుతాయి, కానీ లోపలి పాయలకు పోటు కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంతో మీ చోటికి మీరే రెండు మూడుసార్లు చూసి రాసిపెట్టుకోండి.

నీటి కొలత నెలకోసారి, ఎప్పుడూ ఒకే తిథి దగ్గర. మడుల పూర్తి కొలత ఏడాదికి రెండుసార్లు: మే నెలలో ఉప్పు బాగా పెరిగినప్పుడు ఒకసారి, వరదలూ తుపానుల కాలమూ దాటాక జనవరిలో ఇంకోసారి. పాటు దిగడం మొదలవగానే లోపలికి వెళ్లి, మళ్లీ పోటు ఎక్కకముందే పడవ దగ్గరికి వచ్చేయాలి. ఇంకొక్క చెట్టే ఉంది అని ఆగకండి.

చేతిలో ఏం ఉండాలి

పెద్ద ఖర్చేమీ లేదు. టైలర్ టేపు, పది మీటర్ల చోట ముడులు వేసిన నైలాన్ తాడు, పీవీసీ గొట్టాలతో చేసిన మీటరు చదరపు చట్రం, పసుపు రంగు ఎనామిల్ పెయింట్ చిన్న డబ్బా, స్కేలు, పెన్సిల్, గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్. పెన్ను వద్దు, తడిస్తే అక్షరాలు కరిగిపోతాయి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనలేకపోతే రొయ్యల చెరువు ఉన్నవాళ్లను అడగండి. డెల్టాలో సెలైనిటీ చూసే మీటరు లేని చెరువు తక్కువ. వాడేముందు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా చూపిస్తోందా అని సరిచూసుకోండి.

కాళ్లకు గమ్‌బూట్లు వద్దు, బురద వాటిని పట్టి లాగేస్తుంది. తాడుతో బిగించి కట్టిన పాత కాన్వాస్ బూట్లు మేలు. బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరి వేర్లు, గుల్లలు పాదాలను కోస్తాయి కాబట్టి ఒట్టి కాళ్లతో వద్దు.

తిల్ల చెట్టును ముందు అందరికీ చూపించండి. ఆకు తుంచినా, కొమ్మ విరిగినా తెల్లటి పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం, ఒంటి మీద పడితే బొబ్బలు లేస్తాయి. మా జట్టులో ఒక కుర్రాడు దారికి అడ్డం వచ్చిందని కొమ్మ విరిచి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. తాగే నీళ్లన్నీ ఆ కంట్లోనే పోసి, పడవ తిప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండు రోజులు కన్ను తెరవలేకపోయాడు. అప్పటినుంచి ఐదు లీటర్ల మంచినీటి డబ్బా ఒకటి విడిగా, తాగడానికి కాకుండా, పడవలో ఉంటుంది.

నీటిని చూడటం

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. మడ ఉప్పు నీటిలో బతుకుతుంది నిజమే, కానీ నిలవ నీటిలో బతకదు. పోటుకు నీరు లోపలికి రావాలి, పాటుకు బయటికి పోవాలి. మంచినీరు, ఉప్పునీరు కలిసే చోట అది బాగా పెరుగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ కిందికి వేసవిలో వచ్చే నీరు బాగా తగ్గిపోతుంది. ఆ నెలల్లో పాయల్లో ఉప్పు పెరుగుతుంది. ఒక పాయ మొగ పూడిపోతే, లేదా అడ్డంగా గట్టు పడితే, లోపలికి వచ్చిన నీరు బయటికి పోలేక ఎండకు ఆవిరవుతూ ఉప్పు మాత్రం అక్కడే మిగులుతుంది. మాకు ఎదురైన ఎండుమచ్చల్లో చాలావాటి మొదలు ఇదే.

నెలకోసారి చేయవలసింది మూడు పనులు. మొదటిది, ఏటి నీటి ఉప్పు చూడటం. రెండోది, ప్రతి మడిలో మట్టి లోపలి నీటి ఉప్పు. దీనికి ముప్పై సెంటీమీటర్ల లోతు గుంత తీసి, మొదట ఊరిన నీరు తోడి పారబోసి, మళ్లీ ఊరిన నీటిని చూడాలి. పైనీటి అంకె చూసి మోసపోకండి. వేర్లు తాగేది లోపలి నీరు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. తెల్ల మడ అంతకంటే ఎక్కువ ఉప్పునూ ఓర్చుకుంటుంది. దాని ఆకు అడుగున వేలితో రాసి నాలుకకు తాకిస్తే తెలుస్తుంది, ఆ చెట్టు ఉప్పును బయటికి కక్కుతుంది. కానీ లోపలి నీరు సముద్రానికి రెట్టింపు ఉప్పుతో నెలల తరబడి ఉంటే తెల్ల మడ కూడా గిడసబారిపోతుంది. పొన్న లాంటి మడ చెట్లు అంతకు ముందే తల వేలాడేస్తాయి.

మూడోది, నీరు పోవడానికి ఎంతసేపు పడుతోంది అన్నది. పెద్ద పోటు రోజున మడిలో పాతిన గొట్టం మీద నీరు ఎక్కడిదాకా ఎక్కిందో గుర్తుపెట్టండి. పాటు మొదలయ్యాక ఎంతసేపటికి నేల బయటపడిందో రాయండి. ఒడ్డు మడిలో రెండు మూడు గంటల్లో నేల కనిపించి, మధ్య మడిలో మర్నాటికీ నీరు నిలిచే ఉంటే, ఆ రెండింటి మధ్య ఏదో అడ్డు ఉంది. వెతకండి. కూలిన చెట్టు కావచ్చు, వలలకు వేసిన కట్టడం కావచ్చు, పూడిపోయిన పిల్లకాలువ కావచ్చు.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో పాడైన చోట్ల చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. మధ్యలో పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. మొక్కలు నాటడం కంటే ముందు నీరు తిరిగేలా చేయడమే ఆ పద్ధతిలో కీలకం. ఆ కాలువలు ఇప్పుడు ఉన్న చోట మీ మడి పడితే అదృష్టమే. పూడిక ఎంత చేరిందో ఏటా కొలవండి.

చెట్లను కొలవడం

మడిలో ఉన్న ప్రతి పెద్ద చెట్టుకూ ఒక సంఖ్య ఇవ్వండి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, అంటే ఛాతీ ఎత్తున, పసుపు రంగు సన్నటి పట్టీ గీసి, దాని పై అంచు దగ్గర చుట్టుకొలత తీసుకోండి. మేకులు కొట్టవద్దు. ఊతవేర్లున్న పొన్నకు మాత్రం అన్నిటికంటే పై వేరు నుంచి ముప్పై సెంటీమీటర్లు పైకి వెళ్లి కొలవాలి. మడ మొదట్లోనే మూడు నాలుగు కాండాలుగా చీలితే ఒక్కో కాండం విడిగా రాయండి.

రకాలు గుర్తుపట్టడం మొదట కష్టమనిపిస్తుంది, రెండు పూటల్లో వచ్చేస్తుంది. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, పొన్న, గుగ్గిలం, నేలమీద పాకే ఇలకూర, వీటితో మొదలుపెట్టండి. పేరు తెలియకపోతే ఆకు, పూవు, బెరడు ఫొటో తీసి "తెలియని రకం 1" అని రాయండి. ఊహించి పేరు రాయడం కంటే అదే వెయ్యి రెట్లు నయం.

ప్రతి చెట్టు పరిస్థితినీ ఒకే మాటలో రాయండి: పూర్తి ఆకు, సగం ఆకు, తల ఎండింది, చచ్చింది, నరికారు. చచ్చిందా లేదా అనుమానం వస్తే గోటితో బెరడు కాస్త గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టే.

పైన చెట్ల ఆకుల గొడుగు ఎంత దట్టంగా ఉందో ఫోన్‌తోనే చూడొచ్చు. నాలుగు మూలల దగ్గరా, మధ్యలోనూ ఫోన్‌ను ఛాతీ ఎత్తున పడుకోబెట్టి ఆకాశం వైపు ఫొటో తీయండి. ఇంటికొచ్చాక ఆ ఫొటో మీద అడ్డం పది, నిలువు పది గళ్లు గీసి, ఎన్ని గళ్లలో ఆకులు ఎక్కువ, ఎన్నిట్లో ఆకాశం ఎక్కువ అని లెక్కపెట్టండి. ఉదయం ఎండ ముదరకముందే తీయాలి, లేకపోతే సూర్యుడు పడి ఫొటో తెల్లబడుతుంది.

పిల్లమొక్కల లెక్క మరిచిపోకండి. మీటరు చట్రం ఐదు చోట్ల వేసి, మోకాలు ఎత్తు లోపువి ఎన్ని, పైవి ఎన్ని అని విడిగా రాయండి. పెద్ద చెట్లు నిండుగా ఉండి కింద ఒక్క మొలకా లేకపోతే ఆ అడవి ముసలిదైపోతోందన్నమాట. పైన నీడ మరీ దట్టమైనా మొలకలు తక్కువే ఉంటాయి కాబట్టి గొడుగు లెక్కతో కలిపి చూడాలి.

నేల, పీతలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. మీటరు చట్రం నేల మీద పెట్టి, మూడు అడుగులు వెనక్కి వచ్చి, పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదట ఏమీ ఉండదు, బురద, బొరియలు అంతే. కాసేపటికి ఒక బొరియ అంచున చిన్న కదలిక. ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను. పీత సగం బయటికి వచ్చి ఆగుతుంది. మీరు కదలకపోతే పూర్తిగా వస్తుంది, బురద తీసి నోట్లో పెట్టుకుని చిన్న చిన్న ఉండలు చేసి పక్కన పెడుతుంది. పక్క బొరియలోంచి ఎర్ర డెక్క ఊపుతూ ఇంకొకటి. పది నిమిషాల్లో చట్రం అంతా కదిలిపోతుంది. పిల్లలతో వెళ్తే ఈ పది నిమిషాలు వాళ్లు జీవితంలో మర్చిపోరు.

ఆ తర్వాత బొరియలు లెక్కపెట్టండి. అంచున కొత్తగా తోడిన తడి మట్టి ఉన్నవి, పాతబడి మూసుకుపోతున్నవి విడివిడిగా. పీతలు రాలిన ఆకును లోపలికి లాక్కెళ్తాయి, నేలను తవ్వి గాలి ఆడేలా చేస్తాయి. కొత్త బొరియలు ఏటికేడు తగ్గుతుంటే, చెట్లు ఇంకా పచ్చగా ఉన్నా సరే, నేల చెడుతోందని ముందే అనుమానించాలి.

అదే చట్రంలో ఊపిరి వేర్లు లెక్కపెట్టి, ఓ పదింటి ఎత్తు స్కేలుతో చూడండి. వాటి చివర్లు నాచుతోనో ప్లాస్టిక్ కవర్లతోనో కప్పేసి ఉంటే రాయండి. గొట్టం పైఅంచు నుంచి నేలకు ఎంత దూరమో ప్రతిసారీ కొలవండి. దూరం తగ్గితే ఒండ్రు పేరుకుంటోంది, పెరిగితే నేల కోసుకుపోతోంది. 1986 ఆగస్టులో వచ్చినట్టో 2022 జూలైలో వచ్చినట్టో పెద్ద వరద వచ్చాక ఈ ఒక్క కొలతే చాలా కథ చెబుతుంది. ఒక్కసారిగా పది సెంటీమీటర్లు కొత్త ఒండ్రు పడితే ఊపిరి వేర్లు మునిగి తెల్ల మడకు ఊపిరాడదు.

బురద వాసన గురించి ఒక మాట. కుళ్లిన గుడ్డు వాసన మడ బురదకు మామూలే, దానికే కంగారు పడకండి. పైపొర కూడా నల్లగా మారి, బొరియలు లేకుండా, ఊపిరి వేర్లు మెత్తబడి ఊడి వస్తుంటే అప్పుడు కంగారు పడాలి.

నీటి కుక్కల రెట్ట, బావురు పిల్లి అడుగులు, కొంగల గూళ్లు కనిపిస్తే ఫొటో, తేదీ, చోటు రాసుకుంటే చాలు. వాటి లెక్క వేరే పెద్ద పని, అటవీ శాఖవాళ్లు చేసేది. గూళ్ల దగ్గరికి వెళ్లి ఫొటోల కోసం పక్షులను లేపకండి.

కనిపించినదాన్ని అర్థం చేసుకోవడం

చెట్లు ఎక్కడ చస్తున్నాయన్నది ఎందుకు చస్తున్నాయో చాలావరకు చెప్పేస్తుంది. పళ్లెం లాంటి లోతట్టులో, మధ్యలో మొదలై గుండ్రంగా పాకుతుంటే నీరు నిలుస్తోంది. గట్టు వెంబడి వరసగా ఎండుతుంటే ఆ గట్టే నీటికి అడ్డు. ఏటి ఒడ్డున వేర్లు బయటపడి నీటివైపు ఒరుగుతుంటే కోత. చుట్టుపక్కల చెట్లన్నీ ఒకేసారి తల ఎండుతుంటే ముందు మే నెల ఉప్పు అంకెలు తీసి చూడండి. గేదె మూతి అందే ఎత్తుదాకా ఆకు, లేత కొమ్మ లేకుండా సమంగా కత్తిరించినట్టుంటే మేత. నున్నటి కోత కనిపిస్తే కత్తి.

ఆకులన్నీ జల్లెడలా అయిపోయి ఈనెలే మిగిలితే గొంగళి పురుగు. టేకు ఆకును తినే పురుగే తెల్ల మడ మీద కూడా పడుతుంది. చూస్తే భయం వేస్తుంది కానీ చాలాసార్లు చెట్టు మళ్లీ చిగురిస్తుంది. తేదీ రాసి, నెల తర్వాత వెళ్లి చూసి, అప్పుడు మాట్లాడండి. ఎవరైనా మందు కొడతామంటే ఒప్పుకోకండి. ఆ మందు మొదట చంపేది రొయ్య పిల్లలను, పీతలను.

తుపాను తర్వాత ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. 1996 నవంబరు 6 నాటి తుపాను గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఉన్నారు. అప్పుడు అడవి ఎలా ఉండేదో, ఎన్నేళ్లకు తేరుకుందో వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాయండి, అది ఏ పుస్తకంలోనూ దొరకని లెక్క. కొత్తగా తుపాను వస్తే, వెళ్లడానికి వీలైన వెంటనే ఒకసారి, తర్వాత మూడు, ఆరు, పన్నెండు నెలలకు వెళ్లండి. తెల్ల మడ ఆకంతా పోయినా కాండం మీద కొత్త చిగుళ్లు వేయగలదు. పొన్న జాతికి ఆ శక్తి దాదాపు లేదు, ఆకు మొత్తం పోతే చాలావరకు పోయినట్టే. ఈ తేడా తెలియక, తుపాను వచ్చిన నెలలోనే చెట్లన్నీ చచ్చాయని ఎండుకొమ్మలు కొట్టేస్తే బతికే చెట్టును మనమే చంపినవాళ్లమవుతాం.

పుస్తకం, ఫొటోలు, చెప్పాల్సిన చోట చెప్పడం

ప్రతి మడిలో ఒకే గొట్టం దగ్గర నిలబడి, ఒకే దిక్కుకు, ఒకే ఎత్తులో నెలనెలా ఒక ఫొటో తీయండి. గొట్టం మీద పెయింట్‌తో బాణం గీసుకుంటే ఎవరు వెళ్లినా తప్పు జరగదు. రెండేళ్ల ఫొటోలు వరసగా పెడితే పంచాయతీలో అందరికీ ఒక్క చూపులో అర్థమవుతుంది. అంకెలు చెప్పి ఒప్పించలేనిచోట మాకు ఆ ఫొటోలే పనిచేశాయి. ఉచితంగా దొరికే సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక చుక్క పది మీటర్లు, సరిగ్గా మీ మడి అంత. కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఉంటే వాటితో పోల్చమనండి.

కొలిచిన రోజు రాత్రికే పుస్తకంలోని అంకెలు ఇంకోచోట ఎక్కించండి. ఎవరు కొలిచారో పేరు రాయండి. అనుమానం ఉన్న అంకెను కొట్టేయకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఒకే చెట్టును ఇద్దరు విడివిడిగా కొలిచి, తేడా ఎంత వస్తోందో ఏడాదికోసారైనా చూసుకోండి. తేడా సెంటీమీటరు ఉంటే, ఏడాదిలో అర సెంటీమీటరు పెరిగిందని మనం చెప్పలేం.

ఏదైనా తేడా కనిపిస్తే మొదట అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరుకు, వన సంరక్షణ సమితి ఉంటే వాళ్లకు, పంచాయతీకి చెప్పండి. నోటితో కాదు, ఒక పేజీలో. చోటు, ఎప్పటినుంచి, ఎన్ని చెట్లు, ఉప్పు ఎంత, నీరు ఎక్కడ ఆగింది, రెండు ఫొటోలు. నేరం ఎవరిదో మీరు తేల్చవద్దు, కనిపించింది మాత్రమే రాయండి. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం మడ అడవి అత్యంత సున్నిత ప్రాంతం. వెయ్యి చదరపు మీటర్లు దాటిన మడ చుట్టూ యాభై మీటర్ల మేర కూడా రక్షణ ఉంది. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీలో తీర ప్రాంత సంప్రదాయ సమాజాల నుంచి, మత్స్యకారులతో సహా, కనీసం ముగ్గురు ఉండాలని అదే నోటిఫికేషన్ చెబుతోంది. మీ జిల్లాలో ఆ ముగ్గురు ఎవరో కనుక్కుని, మీ పుస్తకం వాళ్ల చేతిలో పెట్టండి.

మచ్చ కనిపించగానే మొక్కలు నాటేద్దాం అని ఉత్సాహపడేవాళ్లు వస్తారు. మంచి మనసుతోనే వస్తారు. వాళ్లకు మీ నీటి లెక్క చూపించండి. నీరు నిలిచి చెట్లు చచ్చిన చోట నాటిన మొక్కా అలాగే చస్తుంది. ముందు అడ్డు తీయించాలి, కాలువ బాగు చేయించాలి. పక్కనే కాయ కాసే చెట్లు ఉంటే పోటే విత్తనం తెచ్చి వేస్తుంది. అది ఒక వానాకాలం చూసి, మొలకలు రాకపోతే అప్పుడు నాటవచ్చు. నాటితే ఎన్ని నాటాం అని బోర్డు పెట్టడం కాదు, మూడో ఏడాది మే నెలలో ఎన్ని బతికున్నాయో చట్రం వేసి లెక్కపెట్టాలి.

మా గీత మీద మధ్యలో ఉన్న మడి పక్కన చెట్లు ఎండిన చోట, పూడిన పిల్లకాలువను అటవీ శాఖవాళ్ల అనుమతితో ఊరివాళ్లమే కలిసి రెండు రోజులు తవ్వాం. ఆ ఏడాది పెద్ద మార్పేమీ లేదు. మరుసటి జనవరిలో చట్రం వేస్తే పదకొండు కొత్త బొరియలు, నాలుగు తెల్ల మడ మొలకలు. వచ్చే మేలో వాటి పక్కన గుంత తీసి మళ్లీ ఉప్పు చూడాలి.